మూడో నంబరు

కారు ఆపే స్థలంలో పెద్ద బోర్డు ఒకటి ఉంది. శిఖరం చుట్టూ కాలిబాట, నాలుగు కిలోమీటర్లు, గంటన్నర, సులభం, కుటుంబాలకు అనుకూలం. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట: శిఖరం ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండేలా నడిస్తే దారి తప్పరు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట కూడా ఈ మాటే ఉండేది. చెక్క పోయి ఇనుపరేకు వచ్చింది, ఆకుపచ్చ పోయి నీలం వచ్చింది, ఆ మాట మాత్రం అలాగే ఉంది. చూడగానే నాకు ఒళ్ళు మండింది. దారి తప్పని వాళ్ళు కూడా తప్పిపోతారని రాయడానికి ఇంకో వరస చోటు లేకపోయిందా?

పదేళ్ళ మా అమ్మాయి ఆ బోర్డంతా పైకి చదివింది. అక్షరం కనిపిస్తే చదవకుండా వదలదు. మా ఆయన పళ్ళ డాక్టరు. దేనికైనా సరే నొప్పి ఉండదు అనడం ఆయనకు అలవాటైపోయింది. ఒంగి మా అమ్మ బూట్లకి లేసులు కడుతూ, ఇది అసలు నొప్పి తెలియని నడక అత్తయ్యా, ఎక్కడా మెట్టు కూడా లేదు అని ధైర్యం చెబుతున్నాడు. అమ్మ మెడలో దారానికి కట్టుకున్న ఈలని స్వెట్టర్లోంచి బయటికి తీసి రుమాలుతో తుడుచుకుంది.

అది మా నాన్న ఈల. నాన్న సిటీ బస్సు కండక్టరు. పోయి ఏడాదైంది. మొన్న ఆయన పెట్టె సర్దుతుంటే పాత యూనిఫారం జేబులో దొరికిందట. ఆ సాయంత్రమే అమ్మ ఫోన్ చేసి, ఒక్కసారి ఆ కొండ చుట్టూ తిరిగొద్దాం అంది. ఏ కొండ అని నేను అడగలేదు. మా ఇంట్లో కొండ అంటే ఒకటే, దాని మాట ఎత్తడం మానేసి ఇరవై తొమ్మిదేళ్ళు.

నేను ఒప్పుకున్నది అమ్మ మీద ప్రేమతో కాదు. ఈ నడక పూర్తయ్యేలోపు అమ్మకి ఒక సంగతి చెప్పి తీరాలని ఒప్పుకున్నాను. నాన్నకి చెప్పకుండానే పంపించేశాను. అమ్మకి అరవై ఎనిమిది. ఆవిడనీ అలాగే పంపిస్తే ఇక చెప్పుకోవడానికి భూమ్మీద ఎవరూ మిగలరు. నా నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాల్లో పేరు. ఆ ఒక్క గింజ మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళుగా నానుతూనే ఉంది.

కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర ఎవరున్నారో కండక్టరు కంటికి కనపడదు. అందుకని నాన్న చెవులతో పనిచేసేవాడు. టిక్కెట్టు అని ఒక్కసారి అరిచి, వెనకనుంచి వచ్చే గొంతుల్ని బట్టి ఎవరు ఎక్కారు, ఎవరు దిగాలి, ఎవరు టిక్కెట్టు తీసుకోకుండా కిటికీలోంచి ప్రకృతిని చూస్తున్నారు, అన్నీ చెప్పేసేవాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా స్టాపులో వదిలేసి బస్సు కదిలించలేదని ఆయన గర్వం. ఒక ఈల ఆగడానికి, రెండు ఈలలు కదలడానికి. ఇంటిల్లిపాదీ ఎక్కడికి వెళ్ళినా అదే పద్ధతి. ఆయన ముందు నడిచేవాడు. ఒక ఈల వేసి ఆగేవాడు. వెనక్కి మాత్రం తిరిగేవాడు కాదు. మేం వరసగా మా నంబర్లు చెప్పాలి. అమ్మ ఒకటి, నేను రెండు, చెల్లెలు మూడు. చివర్లో ఆయన నాలుగు, రైట్ అని రెండు ఈలలు వేసేవాడు. నంబరు పలికిన మనిషి బస్సులో ఉన్నట్టే అనేవాడు. ఎదురొచ్చేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టు ఉండేది, చెల్లెలికి మాత్రం పండగ.

చెల్లెల్ని నేను తోక అని పిలిచేదాన్ని. ఎక్కడికి వెళ్ళినా నా వెనకే వచ్చేది మరి. దాని గొంతు సన్నగా ఉండేది, ఏ మాటన్నా చివర కొంచెం పైకి లేచేది. మూడు అన్నా సరే, నేను మూడేనా అని మమ్మల్ని అడుగుతున్నట్టు ఉండేది. నాకేమో చిన్నప్పటినుంచీ ఎవరి గొంతైనా దించేయడం వచ్చు. పక్కింటావిడ దగ్గు, మా టీచరు ముక్కు, ఏదైనా సరే. తోక గొంతు అయితే నిద్రలో కూడా వచ్చేది.

ఆ రోజు నాకు పదమూడు, దానికి ఎనిమిది. ఈ బాట మీద నాలుగు బెంచీలున్నాయి, నాన్న వాటిని నాలుగు స్టాపులు చేశాడు. రెండో బెంచీ దగ్గర సరదాకి దాని నంబరు కూడా నేనే దాని గొంతుతో చెప్పాను. అది నా పక్కనే నిలబడి నోరు మూసుకుని పడీపడీ నవ్వింది. నాన్న రైట్ అన్నాడు. అక్కడినుంచి బాట ఉత్తరం వైపు తిరుగుతుంది, పొగమంచు మొదలవుతుంది. చీలిన బండ ఒకటి ఉంటుంది, దాని చుట్టూ తెల్లటి గులకరాళ్ళు. తోక అక్కడ కూర్చుని రాళ్ళు ఏరుకుంటూ, రమ్మంటే రాలేదు. "నువ్వు చెప్పెయ్ అక్కా, నేనొస్తా" అంది. నేను విసుక్కుని వెళ్ళిపోయాను.

మూడో బెంచీ దగ్గర ఈల వినిపించింది. నాన్నా అమ్మా ముందున్నారు, మంచులో వాళ్ళ వీపులే కనిపిస్తున్నాయి. అమ్మ ఒకటి అంది. నేను రెండు అన్నాను, మూడు కూడా అన్నాను. నాలుగో బెంచీ దగ్గర కూడా రెండు నంబర్లూ నేనే చెప్పాను. మూడో బెంచీ దగ్గర అన్నది ఆట. నాలుగో దాని దగ్గర అన్నది భయం. అప్పటికి అది రాలేదని నాకు తెలుసు, చెబితే వీపు విమానం మోత మోగుతుందని తెలుసు, కారు దగ్గరికి చేరేలోపు పరుగెత్తుకొచ్చేస్తుందిలే అనుకున్నాను.

కారు దగ్గరికి అది రాలేదు; నాలుగో బెంచీ దగ్గర కూడా పలికింది కదా అని ముందు అక్కణ్ణుంచి ఇవతలే వెతికారు. మూడో రోజు దొరికింది. ఎలా దొరికిందో రాయను. లోయలో కూడా కాదు, బాటకి పాతిక అడుగుల కింద ఒక రాతి అంచు మీద. కాలు విరిగింది, అంతే. మిగిలింది చలి చేసింది. వెతికినవాళ్ళలో ఒక పెద్దాయన నాన్నతో, మొదటి గంటలో వెనక్కొచ్చి పిలిచి ఉంటే పలికేదండీ అన్నాడు. ఓదార్చడానికే అన్నాడేమో. కొందరికి ఓదార్చడం రాదు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని, మూడు అని విన్నానండీ, నా చెవులతో విన్నానండీ అని అదే మాట అంటూ ఉండిపోయాడు. ఆ మాట పోలీసు కాగితంలో ఇంకోలా ఎక్కింది: తండ్రి లెక్కలో పొరపాటు. నేను అమ్మ పక్కన నిలబడి ఆ కాగితం చదివాను. తేలు కుట్టిన దొంగలా నిలబడి చదివాను.

నాన్న మళ్ళీ బస్సెక్కలేదు. డిపోలో కిటికీ లేని గదిలో, ట్యూబులైటు కింద పాసులు రాసే పనిలో కూర్చున్నాడు. మూడుసార్లు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చెవుల్లో ఏ లోపమూ లేదని చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త కుంగిపోయి వచ్చాడు. పోయేముందు వారం ఆసుపత్రిలో నా వేలు పట్టుకుని, ఆ రోజు దానికి దగ్గరగా ఉన్నది నువ్వే కదా పెద్దదానా, అది పలికింది కదూ అని అడిగాడు. నాకు గుర్తు లేదు నాన్నా అన్నాను. పదమూడేళ్ళ పిల్లని కాదు అప్పుడు, నలభై ఒక్కేళ్ళ దాన్ని. అలా అన్నాను.

నా బతుకుతెరువు గురించి కూడా చెప్పాలి. కార్టూన్ బొమ్మలకి పిల్లల గొంతులు చెబుతాను. బీరువా కన్నా కాస్త పెద్ద గది, గోడల నిండా స్పాంజి, ముందు మైకు, చెవులకి హెడ్‌ఫోన్లు, గాజుకి అవతల ఇంజనీరు. తెర మీద బొమ్మ నోరు తెరిచినప్పుడు నేను తెరవాలి, మూసినప్పుడు మూయాలి. ఎనిమిదేళ్ళ పిల్ల పాత్ర వచ్చిందంటే ఇంజనీరు ఇంకెవరికీ ఫోన్ చేయడు. ఈ గొంతు ఎక్కణ్ణుంచి తెస్తారు మేడమ్ అని ఆశ్చర్యపోతాడు. ఎక్కణ్ణుంచి తెస్తానో నాకు తెలుసు. దాన్ని అమ్ముకుని ఇల్లు నడుపుకుంటున్నాను. అమ్మ మాత్రం నా కార్టూన్ ఒక్కటీ చూడలేదు. మనవరాలు టీవీ పెడితే తలనొప్పి అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఇదీ నేను మోసుకొచ్చిన మూట. నాలుగు బెంచీలున్నాయి కదా, ఏదో ఒక దాని దగ్గర దించకపోతానా అనుకున్నాను.

నాన్న చేసినట్టే చేద్దాం అంది అమ్మ. తను ముందు నడుస్తానంది, ఎందుకంటే అందరికన్నా నెమ్మది తనే. ఆ వెనక నేను, నా వెనక మా అమ్మాయి, చివర మా ఆయన. అమ్మాయికి ఈ ఆట తెగ నచ్చేసింది. దాని నంబరు మూడు అని తెలిసినప్పుడు నేను బూటు సరిచేసుకుంటున్నట్టు కిందికి ఒంగాను.

మొదటి సగం ఎండలో గడిచింది. కుడివైపు గడ్డి, దాని పైన రాళ్ళు, ఆ పైన శిఖరం బోడిగా, ఏమీ ఎరగనట్టు ఉంది. ఎడమవైపు లోయ, చాలా దూరంలో ఊళ్ళ కప్పులు. చంటిపిల్లని వీపున కట్టుకుని ఒక జంట మమ్మల్ని దాటిపోయింది. వాళ్ళ కుక్క మా ఆయన ప్యాంటు వాసన చూసి తుమ్మింది, ఆయన దాని చిగుళ్ళు బాగాలేవు అన్నాడు. మొదటి బెంచీ దగ్గర అమ్మ ఈల వేసింది. ఒకటి, రెండు. మా అమ్మాయిది వాళ్ళ నాన్న గొంతు, బొంగురుగా ఉంటుంది. మూడు అని అది అరిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. తోక గొంతుకి ఎక్కడా పోలికే లేదు.

మా ఆయనా పాపా కాస్త వెనకబడగానే, అమ్మా నీకో సంగతి చెప్పాలి అని మొదలుపెట్టాను. అమ్మ తల తిప్పకుండానే, ఊపిరి మాట్లాడ్డానికి వాడకు, నడవడానికి వాడు అంది. మోకాళ్ళ నొప్పులున్నది ఆవిడకి, సలహా నాకు.

రెండో బెంచీ దగ్గర మా ఆయన ఫ్లాస్కు తీసి టీ పోశాడు. పాప బిస్కెట్టు నములుతూ, అమ్మమ్మా, పిన్ని పడిపోయింది ఈ కొండ మీదేనా అంది. పిన్ని ఫొటో మా ఇంట్లో ఉంది, చిన్నప్పుడు కొండ మీదినుంచి పడిందని దానికి చెప్పాం, అంతవరకే చెప్పాం. అమ్మ అవునంది. ఇంతకన్నా మంచి సమయం దొరకదని నాకనిపించింది. గ్లాసు కింద పెట్టి, ఆ రోజు, అన్నానో లేదో అమ్మ లేచి ఈల వేసేసింది. ఒకటి అంది. నేను మింగలేక కక్కలేక రెండు అన్నాను.

అక్కడినుంచి ఉత్తరం వైపు. పది అడుగుల్లో ఎండ పోయింది. పొగమంచు కింద లోయలోంచి పాకుతూ వచ్చి బాటని మధ్యలో కోసేసింది. కుడివైపు శిఖరం ఉందని నమ్మాలి తప్ప కనపడదు. ఇప్పుడు లోయ వైపు ఇనుప కంచె వేశారు, నడుము దాకా వస్తుంది. చీలిన బండ దగ్గరికి వచ్చేసరికి అమ్మ అడుగు వేగం పెరిగింది. నేనూ చూడకుండా దాటేశాను. వెనకనుంచి పాప పరుగెత్తుకొచ్చి, చూడమ్మా ఎంత తెల్లగా ఉందో అని నా అరచేతిలో ఏదో పెట్టింది. గులకరాయి. చల్లగా, తడిగా ఉంది.

నేను దాన్ని కంచె అవతలికి విసిరేశాను. ఇక్కడ ఏదీ ముట్టుకోవద్దని గట్టిగా అరిచాను. రాయి కింద ఎక్కడో తగిలిన చప్పుడు, కొంతసేపాగి, వచ్చింది. పాప మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి వెళ్ళి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. ఆయన నా వంక చూసిన చూపుకి నొప్పి ఉండదనే మాట వర్తించదు. కాసేపటికి వాళ్ళిద్దరూ మంచులో వెనకబడిపోయారు.

నా వెనక ఏ అడుగుల చప్పుడూ లేదు. ముందు అమ్మ వీపు, బూడిదరంగు స్వెట్టరు, ఒకసారి కనిపిస్తూ ఒకసారి మాయమవుతూ. మూడో బెంచీ వచ్చింది. అమ్మ దాన్ని చేత్తో తడిమి నిలబడింది, వెనక్కి తిరగలేదు. ఈల వేసింది. అచ్చం నాన్న ఈలే, మధ్యలో చిన్న గరగర.

ఒకటి అంది.

రెండు అన్నాను.

"మూడు?"

సన్నగా. చివర పైకి లేస్తూ. నాకు ఎంత దగ్గరగా వినిపించిందంటే, నా మెడ మీద ఎవరో అన్నట్టు. గిరుక్కున తిరిగాను. బాట ఖాళీ. మంచు, కంచె, కంచెకి వేలాడుతున్న నీటి చుక్కలు. బెంచీ మీద కూలబడ్డాను.

"విన్నావా అమ్మా?" అన్నాను.

"విన్నాను."

"ఎవరు?"

అమ్మ నా పక్కన కూర్చుంది. ఈలని గుప్పిట్లో పట్టుకుంది. నా వంక చూడకుండా, ఎదురుగా మంచు వంక చూస్తూ చెప్పింది.

"నువ్వే. ఇప్పుడన్నదీ నువ్వే, ఆ రోజన్నదీ నువ్వే."

నేను రెండు మాత్రమే అన్నానని చెప్పబోయాను. గొంతు పట్టుకుని చూసుకున్నాను, ఏదో మింగినప్పుడు ఆడినట్టు ఇంకా ఆడుతోంది. నాకు తెలియకుండా నా నోరు తెరుచుకుని మూసుకుందని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత అమ్మ అన్న మిగతా సగం అర్థమైంది. ఆ రోజన్నదీ నువ్వే.

ఎప్పటినుంచి తెలుసని అడిగాను. అప్పుడే తెలుసంది. ఇదే బెంచీ దగ్గర, ఆ మాట చెవిన పడ్డప్పుడే. ఇద్దరు పిల్లల్ని కని పెంచినదాన్ని, ఏ గొంతు ఎవరిదో నాకు తెలీదా అంది. మరి నాన్న వినలేదా అంటే, ఆయన బస్సులో వాళ్ళ గొంతులు విన్నంత మన గొంతులు ఎప్పుడు విన్నాడు, పొద్దున్న పోతే రాత్రికి కదా వచ్చేది అంది.

నాకు కోపం వచ్చింది. సిగ్గు రావలసిన చోట కోపం వచ్చింది, అది నా పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇరవై తొమ్మిదేళ్ళు దీన్ని ఒక్కదాన్నే కడుపులో పెట్టుకుని చచ్చాను, నువ్వు టీవీ ఆపేసి వంటింట్లో కూర్చున్నావా అని అడిగేశాను. నాన్నకెందుకు చెప్పలేదని అడిగాను. ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదని అడుగుతున్నప్పుడే తెలుసు.

అమ్మ కాసేపు ఈల దారాన్ని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"చెప్తే ఆయన మళ్ళీ నీ మొహం చూసేవాడు కాదు. ఒకదాన్ని పోగొట్టుకున్నా. ఇంకోదాన్ని కూడా పోగొట్టుకోమంటావా?" అంది. "పోనీ అదొక్కటే అనుకోకు. నీ గొంతని తెలిసి కూడా నేను వెనక్కి తిరగలేదు. మీరిద్దరూ ఆడుకుంటున్నారనుకున్నా. కాళ్ళు పీకుతున్నాయి, చలి, ఎప్పుడెప్పుడు కారెక్కుదామా అని ఉంది. తల తిప్పి చూస్తే సరిపోయేది పెద్దదానా. ఒక్కసారి తల తిప్పితే. ఆ మాట ఎవరితో చెప్పుకోను? నీ తప్పు బయటపెడితే నాదీ బయటపడుతుంది. అందుకని ఆయన చెవుల మీదికి తోసేశాం, మనిద్దరం కలిసి."

ఇన్నేళ్ళూ నా రహస్యం అనుకున్నది మా ఇద్దరిదీ. పక్కపక్క గదుల్లో పడుకుని ఒకే దుప్పటి లాక్కున్నట్టు. మధ్యలో నాన్న, చెవి డాక్టరు బల్ల మీద కూర్చుని, బీప్ వినపడితే చెయ్యి ఎత్తుతూ. ప్రతిసారీ సరిగ్గా ఎత్తుతూ. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు, ఊరుకోమని అనలేదు. ఆవిడ మోకాలు నా మోకాలికి ఆనుకుని ఉంది, దాన్ని మాత్రం తీయలేదు.

మంచులోంచి మా ఆయనా పాపా వచ్చారు. పాప ఇంకా మూతి ముడుచుకునే ఉంది.

"నా నంబరు నువ్వెందుకు చెప్పావమ్మా? నీ కార్టూన్ గొంతుతో?" అంది. "మాకు అక్కడిదాకా వినపడింది."

మా ఆయన నా కళ్ళు చూసి, ఇక ఎంతో లేదు, ముందుకి వెళితే ఇరవై నిమిషాల్లో కారు అన్నాడు. అమ్మ లేచి నిలబడింది. ముందుకి వద్దు, వెనక్కి పోదాం అంది. ఆయన ఏదో చెప్పబోతే, ఆ రోజు ఇక్కణ్ణుంచి వెనక్కి తిరగాల్సింది బాబూ, తిరగలేదు అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఈసారి ఎవరూ ఈల వేసి ఆపలేదు.

నడుస్తూనే చెప్పాను. శిఖరం ఎడమచేతి వైపుకి వచ్చింది. అదే బాట, అవే రాళ్ళు, అయినా ఎన్నడూ రాని చోటికి వచ్చినట్టుంది. రెండో బెంచీ దగ్గర సరదాకి చెప్పిన నంబరు, నేనొస్తా అన్న మాట, నాలుగో బెంచీ, ఆసుపత్రిలో గుర్తు లేదు నాన్నా అన్నది, అన్నీ చెప్పాను. పాప చెయ్యి నా చేతిలో ఉంది. నాలుగో బెంచీ సంగతి చెప్పేటప్పుడు అది చెయ్యి లాక్కుంది. నేను మళ్ళీ పట్టుకోలేదు. ఎంత దూరం నడిచామో, కాసేపటికి నా కోటు అంచు ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. అదే.

పది నిమిషాలు కూడా పట్టలేదు, చీలిన బండ వచ్చింది. ఆ రోజు వెనక్కి తిరిగి ఉంటే, అంతే పట్టేది.

కంచె దగ్గర నిలబడి కిందికి చూశాం. ఏమీ కనపడలేదు. మంచు కదలకుండా నిలిచి ఉంది. తడి మట్టి వాసన. అమ్మ బాట వైపే మొహం పెట్టి, మాకు వీపు చేసి నిలబడింది, నాన్న నిలబడినట్టు. నంబర్లు చెబుదామంది.

నేను పాప ముందు కూర్చుని చెప్పాను. మూడు నీది కాదు, నువ్వు నాలుగు, మీ నాన్న ఐదు అని. ఇంకో పని కూడా అప్పజెప్పాను. నా నోటి మీద నాకు నమ్మకం పోయింది, అది నన్నడక్కుండానే మాట్లాడేస్తోంది, నువ్వు నన్నే చూస్తూ ఉండు, నేను ఎవరి బదులూ పలకకుండా చూడు అన్నాను. బొమ్మ పెదాల్ని చూస్తూ మాట కలపడం నా పని కదా, చూడ్డం ఎలాగో దానికి తెలుసు. స్టూడియోకి ఎన్నోసార్లు వచ్చింది. సరేనని తల ఊపి నాకు ఎదురుగా నిలబడింది.

అమ్మ ఈల వేసింది. ఒక్కటే, పొడుగ్గా. ఆగమని.

"ఒకటి" అంది.

"రెండు" అన్నాను. అన్న వెంటనే రెండు చేతులతో నోరు మూసుకున్నాను. పళ్ళు బిగపట్టాను. అరచేతుల కింద పెదాలు నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కిపెట్టాను. గొంతులో ఏదీ ఆడటం లేదు. ఊపిరి కూడా పీల్చలేదు. పాప కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది. ఎవరూ పలకలేదు. తోక చోటు ఖాళీగా ఉండనివ్వడం నా జీవితంలో అదే మొదటిసారి. కంచె మీది నీటి చుక్కలు ఒకటొకటే రాలుతున్నాయి.

"మూడు?"

కిందనుంచి. కంచె అవతల, పాతిక అడుగుల కిందనుంచి, సన్నగా, చివర పైకి లేస్తూ.

పాప నా చేతుల వంక చూసింది. నువ్వు కాదు అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అమ్మ వెనక్కి తిరిగింది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, కంచె పట్టుకుని, ఒళ్ళంతా తిప్పి, మమ్మల్ని దాటి కిందికి చూసింది. ఈల ఆవిడ పెదాల దగ్గరే ఉంది. నంబరు పలికిన మనిషి ఉన్నట్టే, కదలమని రెండు ఈలలు వేయాలి. అమ్మ వేయలేదు. మేం ఎవరమూ కదల్లేదు.